కొయ్య గోడల సీమలో

శ్రీకాకుళం, బొబ్బిలి, భీమునిపట్నం వైపు బాప్టిస్టు సంఘాలలో పెద్దలను కదిపితే ‘కెనడా మిషను’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ దొరలు, దొరసానులు నడిపిన ఆసుపత్రులు, బోర్డింగు బడులు మనకు తెలుసు. వారు ఎలాంటి ఇళ్ళలో పుట్టారో, ఎలాంటి మందిరాలలో కూర్చుని మన ఊళ్ళ పేర్లు ఎత్తి ప్రార్థించారో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ వైపుకు వచ్చినవారిలో తొలితరంవారు చాలామంది కెనడా తూర్పు అంచున, అట్లాంటిక్ సముద్రంలోనికి చొచ్చుకొని ఉన్న నోవా స్కోషియా, దాని పక్కనున్న న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతాలవారు.

చరిత్ర రెండు ముక్కలలో చెప్పుకుందాం. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగం చేసిన తెలుగు సోదరుడు థామస్ గాబ్రియేలు కాకినాడలో ఆరంభించిన సేవను అందుకొని, 1874లో మెక్‌లారెన్ దొరగారు అక్కడ కెనడా మిషను స్థాపించారు. అప్పటికి సయాము దేశంలో సేవచేయాలని వెళ్ళిన నోవా స్కోషియా ప్రాంతపు మిషనరీలు, అక్కడ దారి కుదరక, 1875లో తెలుగు దేశానికి మళ్ళారు. వారి వెనుక ఉండి సొమ్ము కూడబెట్టినవారు చాలావరకు స్త్రీలు. కాన్సో అనే చేపలరేవులో 1870లో హానా మరియా నోరిస్ అనే యువతి ఆరంభించిన స్త్రీల మిషనరీ సమాజము ఆ దేశంలో అటువంటివాటిలో మొదటిది.

2018 వేసవిలో ఆరు వారాలు ఆ ప్రాంతంలో ఉండే అవకాశం నాకు దొరికింది. హాలిఫాక్సు నగరం నుండి పడమటికి గంటంపావు కారులో వెళితే ఒక లోయ వస్తుంది. ఆపిల్ తోటలు, పచ్చిక బీళ్ళు, అవతల ఎర్రమట్టి నీళ్ళ ఫండీ అఖాతము. లోకంలోకెల్లా పెద్ద పోటుపాట్లు అక్కడే. కొన్నిచోట్ల పాటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఉదయం బురదలో కూర్చున్న పడవ మధ్యాహ్నానికి అయిదంతస్తుల మేడ ఎత్తుకు లేస్తుందన్నమాట. ఆ నీళ్ళమీద నుండి పుట్టే పొగమంచు లోయలోనికి వస్తుంది. ఈ పొగమంచు సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, ముందు పనికి వస్తుంది.

మనవారికి మొదట వింత కలిగించేది గోడలు. రాయి లేదు, ఇటుక అరుదు. ఇళ్ళు, అంగళ్ళు, గుడ్లపాకలు, మందిరములు అన్నీ కొయ్యవే. గోడకు బయటివైపున సన్నని చెక్క పలకలను అడ్డంగా, ఒకదాని అంచు మీద మరొకటి వాలేటట్లు కొడతారు. పైపలక మందపు అంచు కింది పలక సన్నని అంచును కప్పుతుంది. మన పెంకుటింటి చూరు చూశారు గదా, పై వరుస కింది వరుస మీదికి దిగి వాన నీటిని జారవిడుస్తుంది. ఇదీ అదే యుక్తి, కాకపోతే గోడకు. వీటిని క్లాప్‌బోర్డులంటారు. చిన్న ముక్కలుగా కొడితే షింగిల్సు. గ్రాండ్ ప్రే గ్రామంలో 1804లో ఆరంభించిన కొయ్య మందిరము ఇంకా నిలిచే ఉంది. రెండు శతాబ్దాల కొయ్య! మన ఊళ్ళో చెదలు తలచుకుంటే రెండు వేసవులు చాలు.

నేను బస చేసిన ఊరి సంఘములో సభ్యులు ముప్పైమంది. అందులో అరవై దాటనివారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తెల్లని మందిరము 1890ల నాటిది. దాని వెనుక 1960లలో కట్టిన హాలు ఉంది. ఆదివారపు బడి, స్త్రీల కూడిక, వివాహపు విందు, మరణించినవారి ఇంటివారికి భోజనం, అన్నీ ఆ హాలులోనే. లోపలి గోడకు మన ప్రాంతపు పాత పటం ఒకటి వేలాడుతోంది. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి అని ఇంగ్లీషు అక్షరాలతో. దాని ముందు నిలబడి కాసేపు మాట రాలేదు నాకు.

ఆ హాలు గోడల గురించే సంఘములో పెద్ద చర్చ జరుగుతోంది. గోడలకు వాడినది పశ్చిమ తీరం నుండి తెచ్చిన ఎర్ర సీడరు. (సీడరు అనగానే మన బైబిలులోని దేవదారు అనుకోకండి. పేరు ఒకటే గాని చెట్టు వేరు, జాతి వేరు.) మొదట దానికి పలుచని గోధుమరంగు స్టెయిన్ పూశారు. స్టెయిన్ అంటే చెక్కలోనికి ఇంకిపోయే రంగు. కింద చెక్క చారలు కనిపిస్తూనే ఉంటాయి. మన వైపు చెక్కకు జీడితొక్కల నూనె పూస్తాము గదా, ఆ తరహాది. అది వెలిసినప్పుడల్లా మళ్ళీ అదే పూస్తే సరిపోయేది. కాని తరువాతివారు, ఎక్కువకాలం నిలుస్తుందని, చెక్కను పూర్తిగా కప్పివేసే దళసరి స్టెయిన్ వేశారు. దానిమీద ఇంకోటి, దానిమీద ఇంకోటి. దళసరి స్టెయిన్ పేరుకు స్టెయినే గాని నడతకు పెయింటే. చెక్కలోనికి పోకుండా పైన పొరగా నిలుస్తుంది. పొర అన్న తరువాత ఒకనాటికి పగలక తప్పదు, పగులులోనుండి నీరు లోపలికి పోకా తప్పదు. దక్షిణపు గోడ మీద అది వెల్లవేసిన పాత గోడలాగా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది.

ఒక వర్గంవారు ప్లాస్టిక్ పలకలు తొడిగిద్దామన్నారు. వైనిల్ సైడింగ్ అంటారు. ఆ దేశంలో ఎటు చూసినా అదే. ఒక వారంలో పని అయిపోతుంది, మళ్ళీ రంగు మాట ఎత్తనక్కరలేదు. లెక్కలు చూసే సహోదరి కాగితం మీద రెండు మొత్తాలు వేసి చూపించింది. మనుషులను పెట్టి పాత రంగు ఊడదీయించి కొత్తది వేయించడానికి అయ్యే ఖర్చులో సగంలో వైనిల్ వస్తుంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ముప్పైమంది కానుకలతో నడిచే సంఘము అది.

డీకన్ ఒకాయన, డెబ్బై దాటినవాడు, వయసులో పడవలు కట్టినవాడు, లేచి నిలబడి, “తొడుగు వేసేముందు లోపల ఏముందో చూద్దాం. ఒక్క గోడ గీకుదాం, కూలి లేకుండా. అక్కడ చెక్క బాగుంటే మిగతావీ మనమే చేద్దాం. పాడై ఉంటే మీ మాటే నా మాట” అన్నాడు. సంఘము ఒప్పుకొంది.

హాలిఫాక్సులో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు పిల్లలు నలుగురు నన్ను చూడటానికి వచ్చి, సంగతి విని, ప్రతి శనివారమూ పనికి దిగారు. అందులో టెక్కలి అబ్బాయి గోడ వైపు చూసి, “అయ్యగారూ, మన ఊళ్ళో అయితే క్రిస్మసుకు సున్నం కొట్టేసి చేతులు దులుపుకుంటాం. వీళ్ళేంటండీ ఇన్ని రోజులు గీకడానికే పెట్టారు?” అన్నాడు. నిజానికి మన సున్నం మేస్త్రీలు కూడా పాత పెచ్చులు గీకకుండా కొత్త సున్నం కొట్టరు. కొడితే రెండూ కలిసి ఊడతాయి. చెక్కకైతే ఇది మరీ ఎక్కువ. ఎండ పడిన చెక్క పైన ఉన్న పీచు చచ్చిపోయి బూడిదరంగుకు తిరుగుతుంది. చచ్చిన పీచుకు పట్టుకున్న రంగు ఆ పీచుతోపాటే రాలిపోతుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు మాడిసన్ నగరంలో 1910 నుండి కలప మీద పరిశోధనలు చేసే ప్రభుత్వ ప్రయోగశాల ఒకటి ఉంది. కొత్త చెక్కను రంగు వేయకుండా కొద్ది వారాలు ఎండలో వదిలినా పెయింటు పట్టు తగ్గిపోతుందని వారు చూపించారు.

మొదట సీసం పరీక్ష. ఆ దేశంలో 1960కి ముందు కట్టిన ఇళ్ళ పాత రంగులో సీసం ఉండే అవకాశం బాగా ఎక్కువ. హాలు రంగులో లేదని తేలింది. మందిరపు తెల్లరంగులో ఉందని తేలింది. కాబట్టి మందిరము జోలికి పొడి ఉప్పుకాగితంతో పోకూడదు, మంటతో కాల్చి గీకడం అసలే కూడదు. తడిపి, కింద పట్టా పరచి, మూతికి తగిన మాస్కు కట్టుకొని, ఊడిన ప్రతి ముక్కా ఎత్తాలి. చిన్నపిల్లల ఒంట్లో చేరిన సీసం వారి బుద్ధినే దెబ్బతీస్తుంది. ఇది అక్కడి మాటే కాదు. మన దేశంలో ఇంటి రంగులలో సీసానికి 90 పీపీఎం హద్దు పెడుతూ నిబంధనలు వచ్చింది 2016లో, అమలు 2017 నవంబరు నుండి. మన తాతల నాటి తలుపులు, కిటికీలు, పిల్లల ఉయ్యాలబల్లలు గీకించేటప్పుడు తల్లిదండ్రులు ఈ సంగతి మరువకూడదు.

హాలు దక్షిణపు గోడ పని మూడు శనివారాలు పట్టింది. లేచిన పెచ్చులన్నీ స్క్రేపరుతో గీకాము. మిగిలినదానికి కాస్టిక్ సోడా కలిసిన చిక్కని ద్రవం పూసి, ఎండకుండా చూస్తూ ఇరవై నిమిషాలు ఉంచి, కుంచెతో తోమి కడిగాము. పూసేది కింద నుండి పైకి. కడిగేది పైనుండి కిందికి. పైన మొదలుపెట్టి పూస్తే ద్రవం కారి, కింది పొడిచెక్క మీద చారలు పడి మచ్చలు మిగులుతాయి. గోడ పక్క పూలమొక్కలను ముందే నీళ్ళతో తడిపి పట్టా కప్పాము. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు లేనివారిని డీకన్ దగ్గరకు కూడా రానివ్వలేదు. రెండుసార్లు పూసినా వదలని చోట్లు ఉప్పుకాగితానికి లొంగాయి.

ఇంజనొత్తిడితో నీళ్ళు చిమ్మే యంత్రం ఊళ్ళో ఒకరు తెచ్చారు. డీకన్ వద్దన్నాడు. ఆ ధార మెత్తని సీడరు పీచును రేపి గోడను దూదిలా చేస్తుంది. అంతకన్నా చెడ్డ సంగతి, పలకల సందులలోనుండి నీటిని పైకి ఎక్కించి గోడ లోపలికి పంపుతుంది. వాన ఎప్పుడూ పైనుండి కిందికే పడుతుందని నమ్మి కట్టిన గోడ అది.

కాస్టిక్ తగిలిన సీడరు కాఫీ డికాషన్‌లాగా నల్లబడుతుంది. అది చూసి పిల్లలు పని చెడిపోయిందని బెంబేలెత్తారు. దానికి విరుగుడు ఆక్సాలిక్ ఆమ్లము. మన ఊళ్ళలో మొజాయిక్ నేల పాలిష్ పట్టేవారు చల్లే తెల్లపొడి ఉంటుందే, అదే. విషము కనుక జాగ్రత్తగా నీళ్ళలో కలిపి గోడకు కొట్టాము. పది నిమిషాలలో ఆ నలుపు విరిగి, లోపలినుండి తేనెరంగు, దానిలో ఎర్రని చారలు పైకి వచ్చాయి. అరవై ఏళ్ళ కిందట కొట్టిన పలక నిన్న కోసినట్టు కనబడింది. నిచ్చెన మీద ఉన్నవారు కూడా దిగివచ్చి చూశారు.

ఆ రోజునే, కిటికీ కింద గీకుతుండగా, ఒక పలకలోనికి స్క్రేపరు మెత్తగా దిగిపోయింది. పలక తీసి చూస్తే లోపలి అడుగుదూలం రెండు మూరల పొడవున కుళ్ళి, తడిసిన రొట్టెలాగా చేతికి వచ్చింది. ఎప్పుడో ఎవరో నీరు పోకూడదని కిటికీ కింది పలకల అడుగు అంచులను అతుకు ముద్దతో మూసేశారు. పైనుండి ఎలాగో లోపలికి పోయిన నీరు కిందికి దిగే దారి లేక అక్కడే నిలిచింది. నీటిని రానివ్వకపోవడం ఎంత అవసరమో, వచ్చినదాన్ని పోనివ్వడమూ అంతే అవసరం ఆ గోడలకు. వైనిల్ తొడిగి ఉంటే ఆ కుళ్ళు దాని వెనుక చల్లగా పాకుతూ ఉండేది, కనిపించేది కాదు. లెక్కల సహోదరి ఆ ముక్కను చేతిలోనికి తీసుకొని నలిపి చూసి, “ముందు దూలం ఖర్చు ఎంతో చెప్పండి” అంది. ఇక వైనిల్ మాట ఎత్తలేదు. దూలం ముక్క మార్చడానికి రెండు రోజులు పట్టింది.

తరువాత ఆగడం. చెక్కలో తేమ నూటికి 15 కంటే తగ్గేదాకా రంగు ముట్టరాదు. రెండు సూదులున్న చిన్న పరికరం గోడకు గుచ్చితే అంకె చూపిస్తుంది. పొగమంచు సంగతి చెప్పాను గదా. రాత్రి వచ్చి గోడను తడిపి, పొద్దున్నే వెళ్ళిపోతుంది. పది రోజులు అంకె చూస్తూ కూర్చున్నాము. గాలి కాస్త పొడిగా వీచిన వారంలో 13కు దిగింది.

ఏ రంగు వేయాలన్నదాని మీద మళ్ళీ చర్చ. దళసరి స్టెయిన్ అయితే పలుచనిదానికన్నా ఎక్కువ ఏళ్ళు నిలుస్తుంది. నూనెతో చేసిన పలుచని స్టెయిన్ మూడు నుండి అయిదేళ్ళు. చూడబోతే మొదటిదే లాభం. కాని డీకన్ లెక్క వేరు. పలుచనిది పెచ్చులుగా లేవదు, అరిగిపోతుంది, అంతే. అరిగినప్పుడు గోడ కడిగి, ఆరనిచ్చి, ఇంకో పూత వేయడమే. ఇద్దరు మనుషులు, రెండు రోజులు. దళసరిది పాడైననాడు ఇప్పుడు మనం పడిన పాటంతా మళ్ళీ పడాలి. “అప్పటికి నేను ఉండను. ఇక్కడ నిచ్చెన ఎక్కేవారు ఎందరుంటారో కూడా తెలియదు. చేతకాని చేతులకు కూడా సాధ్యమయ్యే పని మిగల్చాలి” అన్నాడాయన. రంగుల దుకాణంలో డబ్బా మీద రాసిన ఏళ్ళ సంఖ్య చూసి కొనేవారే లోకంలో ఎక్కువ. రాబోయే మనిషి ఓపికను చూసి కొన్నవారిని నేను అక్కడే చూశాను.

పూసేటప్పుడు నీడను వెంబడిస్తూ పోవాలి. ఎండ పడుతున్న గోడ మీద పూత ఇంకకముందే ఆరి, అతుకులు గీతల్లా కనబడతాయి. అందుకే ఒక పలకను ఈ కొస నుండి ఆ కొస దాకా ఆపకుండా పూసి, తరువాతే కింది పలకకు దిగాలి. కోసిన కొనలు స్పంజిలాగా తాగుతాయి, వాటికి రెండుసార్లు పట్టించాలి. పని ముగిశాక నూనె తుడిచిన గుడ్డపీలికలను టెక్కలి అబ్బాయి ఉండచుట్టి మూల పడేయబోతే, డీకన్ పరుగున వచ్చి లాక్కున్నాడు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండగా చుట్టిన గుడ్డలో ఆ వేడి పోగుపడి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. కొయ్య ఊరిలో ఇది ఆటకాదు. వాటిని కంచె మీద విడివిడిగా ఆరవేయించాడు.

అగ్ని భయం అక్కడివారి ఎముకల్లో ఉంది. లూనెన్‌బర్గు అనే పట్టణం 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, రంగురంగుల కొయ్య ఇళ్ళతో చూడముచ్చటగా ఉంటుంది. అక్కడి సెయింట్ జాన్స్ ఆంగ్లికన్ మందిరము 2001 అక్టోబరు 31 రాత్రి తగలబడింది. ఆ ఊరివారు మిగిలిన దూలాలను, పలకలను ఏరి, పాత తీరులోనే మళ్ళీ కట్టుకొని 2005లో ప్రతిష్ఠ చేసుకొన్నారు. నేను వెళ్ళినప్పుడు చూశాను. కాలిన గుర్తేదీ కంటికి ఆనలేదు.

అన్నిటికీ అట్టి భాగ్యము లేదు. పడమటి తీరాన చర్చ్ పాయింట్ అనే ఊళ్ళో 1903 – 1905 మధ్య ఫ్రెంచి మాటలాడే అకాడియనులు కట్టిన సెయింట్ మేరీ దేవాలయము ఉంది. ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద కొయ్య దేవాలయమని దానికి పేరు. శిఖరం 56 మీటర్లు. సముద్రపు గాలికి ఊగిపోకుండా శిఖరపు అడుగున 40 టన్నుల రాళ్ళు నింపారు. దానికి షింగిల్సు మార్చాలన్నా, రంగు వేయాలన్నా, పైకప్పు బాగుచేయాలన్నా లక్షల డాలర్ల మాట. 2019లో అక్కడ ఆరాధనలు ఆగిపోయాయి. కొయ్య కుళ్ళి కాదు ముందుగా, మనుషులు తగ్గి.

ఆ ప్రయాణంలో నన్ను ఆలోచింపజేసిన ఒక సంగతి చెప్పి ఊరుకుంటాను. రేవులలో చేపలు పెట్టుకొనే పాకలు చాలావాటికి ఏ రంగూ లేదు. తెల్ల సీడరు షింగిల్సు ఎండకు వెండిరంగు తిరిగి ఏళ్ళ తరబడి నిలిచి ఉన్నాయి. రంగులేని మెత్తజాతి కొయ్య నూరేళ్ళకు సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రమే అరుగుతుందని పరిశోధకుల లెక్క. మరి ఇంత పాటు ఎందుకని డీకన్‌ను అడిగాను. “అరుగుదల కాదు అయ్యా, చీలడం, వంగడం, మేకు ఊడటం, అతుకులో నీరు నిలవడం, అవీ భయాలు. నిలువుగా ఉండి నీరు జారిపోయే షింగిలుకు రంగు వేయకపోయినా నేను పట్టించుకోను” అన్నాడు. వృత్తి తెలిసినవాడు ఎక్కడ పని చేయాలో ఎంత చెబుతాడో, ఎక్కడ చేయనక్కరలేదో కూడా అంత చెబుతాడు.

నేను తిరిగి వచ్చేనాటికి దక్షిణం, పడమర గోడలు అయ్యాయి. తూర్పు గోడ మరుసటి వేసవిలో చేశారు. 2023లో లెక్కల సహోదరి పంపిన ఫొటోలో దక్షిణపు గోడకు రెండో పూత వేస్తున్నారు. నిచ్చెన మీద ఉన్నది ఆమె మనుమరాలు, కింద బకెట్టు పట్టుకున్నది మన టెక్కలి అబ్బాయి. అతనిప్పుడు ఆ సంఘములోనే సభ్యుడు. ఉత్తరపు గోడను గురించి అడిగితే జవాబు రాసింది: రంగు మీద కత్తితో అడ్డంగా, నిలువుగా గీసి, అంటుకునే టేపు నొక్కి లాగి చూశారట. ఒక్క పెచ్చు కూడా రాలేదట. అందుకని బూజు మాత్రం కడిగి, పాత రంగును అలాగే ఉంచేశారు.